పెంటవ్వ పీకిన రావి మొక్కలు

అనగనగా అన్నానంటే ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నా కథ వాగు ఇవతలే ఆగిపోతుంది.

అనగనగా ఒక ఊరు. ఊరికి మూడు దిక్కులా వాగు, నాలుగో దిక్కున లోతట్టు పొలాలు, నడుమ ఒక రాతి బురుజు. దాన్ని ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. మా తాతను అడిగితే "మా తాత పుట్టకముందే ఉంది" అనేవాడు. వాగు పొంగిన ఏడు ఊరంతా పిల్లా మేకా మూటా ముల్లెతో ఆ బురుజెక్కి కూర్చునేది. ఎక్కడానికి వేరే మెరక లేదు.

ఆ ఊళ్ళో పెంటవ్వ ఉండేది. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చి ఆ పేరు పెట్టారు. సున్నం కాల్చి బతికేది. ఏటా వానలకు ముందు మిగిలిన సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి నూరి బురుజు సందులు పూడ్చేది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చేసినందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు.

సున్నంతో పోయే సందులైతే బాధే లేదు. కాకులు రావిపళ్ళు తిని బురుజు మీద వాలతాయి. వాటి రెట్టలోంచి రాళ్ళ మధ్య రావి మొక్క లేస్తుంది. ఇవాళ వేలెడు ఉంటుంది. వదిలేస్తే దాని వేరు రాయినీ రాయినీ విడదీస్తుంది. పీకేద్దామా అంటే రావి దేవుడాయె! దాన్ని పీకిన ఇల్లు నిలవదని ఊరి భయం. అందుకే పటేలు మొదలు పాలేరు దాకా అందరూ దానికి దండం పెట్టి పోయేవాళ్ళు. కింద గోడ పగులుతూనే ఉండేది.

పెంటవ్వకు భయం లేదనుకునేరు! ఊరందరిలోకీ పిరికిది. పిల్లి ఎదురైతే ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేది.

మొదటి ఏడు మొక్క లేచింది. పెంటవ్వ చేతులు వణికాయి. "పాపముంటే నాకు, గోడ నిలిస్తే ఊరికి" అని పీకింది. తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్ళి వాగు గట్టున నాటింది. నెల తిరక్కుండా ఆమె పాడి మేక చచ్చింది. "చెప్తే విన్నవా?" అంది ఊరు.

రెండో ఏడు మొక్క లేచింది. "పాపముంటే నాకు, గోడ నిలిస్తే ఊరికి" అని పీకింది. వారం తిరక్కుండా ఆమె మొగుడు సాయిలు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. "చెప్తే విన్నవా?" అంది ఊరు.

మూడో ఏడు కూతురు కొమురవ్వ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆ ఏడే బురుజు నడుము దగ్గర మొక్క లేచింది. దాని కింద పగులు. పెంటవ్వ పగులుకు అడ్డంగా సున్నం పట్టీ వేసింది. పట్టీ చిట్లితే గోడ కదులుతున్నట్టు లెక్క. పట్టీ చిట్లింది. మళ్ళీ వేసింది, మళ్ళీ చిట్లింది. మూడోసారి వేసేసరికి పైన మబ్బు కమ్మింది.

పెంటవ్వ కాసేపు కూతురి కడుపు చూసేది, కాసేపు బురుజు చూసేది.

"మేక పాయె. నా కాలు పాయె. ఇగ బిడ్డ మీదికి తెస్తవా?" అన్నాడు సాయిలు. "ఈ ఒక్క ఏడు ఇడిశిపెట్టు."

"ఇడిశిపెడితే గోడ ఆగుతదా?"

పటేలు కూడా వచ్చాడు. "కాన్పు అయ్యేదాక ఆగే పెంటవ్వా."

"నువ్వు పీకరాదు పటేలా? మీ ఇంట్ల కడుపుతోని ఎవ్వలు లేరు గద."

పటేలు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

చివరికి కొమురవ్వే అడిగింది. "అవ్వా, వాగొస్తే నన్ను ఏడికి ఎక్కిస్తవే?"

పెంటవ్వ ఏడ్చింది. ఏడుస్తూనే వెళ్ళి మొక్క పట్టుకుంది. "పాపముంటే నాకు, గోడ నిలిస్తే ఊరికి. నా బిడ్డ జోలికి రాకు సామీ." మూరెడు వేరుతో మొక్క ఊడి వచ్చింది. సందు నిండా సున్నం కూరింది.

ఎనిమిదో నాడు పొద్దున్నే వాగు పొంగింది. ఊరంతా బురుజెక్కింది. కొమురవ్వను మంచంతో సహా మోశారు. పైకి చేరగానే నొప్పులు మొదలయ్యాయి. కింద నీళ్ళు గోడను గుద్దుతున్నాయి. అందరూ వాగుకేసి చూస్తుంటే పెంటవ్వ ఒక్కతే కూతురి చెయ్యి పట్టుకుని, గోడకు చెవి ఆనించి కూర్చుంది. ఏ చప్పుడుకు భయపడాలో తెలియక అన్నిటికీ భయపడింది.

మధ్యాహ్నానికి పసిపిల్ల కేరుమంది. గోడ కదలలేదు. పిల్లకు బురుజమ్మ అని పేరు పెట్టారు.

దాంతో పెంటవ్వ భయం తీరిందా? ఎక్కడ తీరుతుంది! ఊళ్ళో ఎవరికి దగ్గొచ్చినా తన పాపమే అనుకునేది. అట్లా అనుకుంటూనే, వణుకుతూనే, బతికినన్నాళ్ళూ పీకింది.

ఆమె పోయిన ఏడు బురుజు మీద రెండు మొక్కలు లేచాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారే గాని ఎవరూ ముట్టలేదు. మొక్కలు మూరెడు ఎత్తయ్యాయి. పగులులో వేలు పట్టసాగింది. అప్పుడు బురుజమ్మ వెళ్ళి మొక్క పట్టుకుంది.

"వద్దే పిల్లా! పాపం తగుల్తది," అన్నాడు పటేలు. ముసలివాడైపోయాడు.

"ఇన్నేండ్లు అందరి పాపం మా అమ్మమ్మ ఒక్కతే మోసింది. నా వంతు నేను మోస్త," అని పీకేసింది.

పటేలు కండువా నడుముకు బిగించి రెండో మొక్క పట్టుకున్నాడు.

ఆ బురుజు ఇప్పటికీ ఉంది. వాగు గట్టున వరసగా రావిచెట్లున్నాయి. అన్నీ బురుజులోంచి వచ్చినవే. మృగశిర కార్తెకు ముందు ఇంటికొకరు బురుజు దగ్గరికి వెళ్తారు. "పెంటవ్వా, నా వంతు నాకియ్యి" అని మొక్క పీకి, తడిగుడ్డలో చుట్టి గట్టున నాటుతారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకు చేతులు వణుకుతాయి. అత్తలు నవ్వరు, కసరరు.

"పెంటవ్వకు గూడ వణికినయి బిడ్డా," అంటారు. "పీకు."