దేవుడి తరఫు ఫిర్యాదు

ఏ రాజ్యమని అడక్కండి, ఇలాంటివి లోకంలో చాలానే ఉన్నాయి. అలాంటి ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. ఆయనకు సింహాసనమంటే ఎంత మక్కువంటే, భోజనం కూడా అక్కడికే తెప్పించుకునేవాడు.

ఆ ఊళ్లో గంటలు పోతపోసే కంచరి గవరయ్య గుడికి కొత్త గంట చేసిచ్చాడు. అది మోగగానే రాజుతో సహా అందరూ చేతులు జోడించారు. గవరయ్య మాత్రం మోత బాగా వచ్చిందా లేదా అని చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"నీ చేతులకేమైందిరా?" అన్నాడు రాజు.

"నాకు దేవుడి మీద నమ్మకం లేదు ప్రభూ. ఉన్నట్టు నటించలేను."

రాజు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మర్నాడు గవరయ్యను సభకు పిలిపించాడు. అందరి ముందూ దేవుడికి దణ్ణం పెట్టాలి, లేదా పొద్దుగుంకేలోగా పెళ్లాంబిడ్డలతో రాజ్యం దాటాలి, ఇదీ ఆజ్ఞ.

గవరయ్య ఆలోచనలో పడ్డాడు. కొలిమి వదిలేసి, చంటిపిల్లతో ఎక్కడికి పోతాడు? ఒక్క దణ్ణం పెడితే పోలా అని కూడా అనిపించింది. అయినా చేతులు లేవలేదు.

అప్పుడు ఆస్థానంలో మాటకారి అయిన కూచన లేచాడు.

"మహాప్రభూ, ఇతనివల్ల నొచ్చుకున్నదెవరు?"

"ఇంకెవరు? దేవుడు!"

"అయితే ఆయన్ని పిలిపిద్దాం. తమ తాతగారు పెట్టిన ఆచారమేగా? నొచ్చుకున్నవాడే వచ్చి, వాకిట్లో ఆ నల్లరాతి మీద నిలబడి చెప్పుకోవాలి. రాకపోతే ఫిర్యాదు చెల్లదు."

"పిలిచేదేమిటయ్యా? దేవుడు అంతటా ఉన్నాడు. ఈ సభలోనూ ఉన్నాడు!"

"మరీ మంచిది. ఇక్కడే ఉండి, అంతా వింటూ కూడా పల్లెత్తు మాట అనలేదంటే ఆయనకు కోపం లేనట్టే. ఉన్న కోపమంతా మనదే ప్రభూ."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మీసం దువ్వాడు. "నేను దేవుడి ప్రతినిధిని. ఆయన తరఫున నేనే ఫిర్యాదు చేస్తున్నాను!"

"తమ మాట కాదంటానా? దయచేయండి. ఆచారం ప్రకారం కిరీటం తీసి, పాదరక్షలు విడిచి రాతి మీద నిలబడండి. ఫిర్యాదు చేసేవారు తీర్పు చెప్పకూడదు గనక సింహాసనం కాసేపు ఖాళీ చేయాలి."

"ఖాళీయా! మరి తీర్పెవరు చెబుతారు?"

"దేవుడు సభలోనే ఉన్నాడన్నారుగా, ఆయన్నే కూర్చోమందాం. ఆయన నోరు విప్పేదాకా తమరు అక్కడే నిలబడాలి. ఎండాకాలం, రాయి కాస్త చురుక్కుమంటుంది."

రాజు ఎండకు మెరుస్తున్న రాతిని చూశాడు. కింద ఉన్న పట్టుపరుపును తడుముకున్నాడు. కాసేపు నవ్వు బిగపట్టుకున్నాడు గానీ, చివరికి పొట్ట కదిలేలా నవ్వేశాడు.

"ఫిర్యాదూ లేదు, ఏమీ లేదు. గవరయ్యా, ఇంటికి పో. ఇకమీదట నమ్మనివాళ్ల జోలికి ఎవరైనా పోతే వాళ్లను ఆ రాతి మీద నిలబెడతాను!" అంటూ తన శాలువా తీసి కూచనకు కప్పాడు.

గవరయ్య కళ్లు తుడుచుకున్నాడు. కూచన ఎదుటికి వెళ్లి అతనికి రెండు చేతులూ జోడించాడు.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నీకు దణ్ణం పెట్టడం వచ్చన్నమాట!" అన్నాడు రాజు.

"వచ్చు ప్రభూ. లోపల్నించి రావాలి, అంతే."

రాజు మళ్లీ నవ్వి, కోటకు పెట్టబోయే పెద్ద గంట పోత పని అతనికే అప్పగించాడు.