రాలిన చంగు కొమ్ములు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక బడి. ఆ బడికి ఒక బాస్కెట్‌బాల్ జట్టు. నవ్వకండి పిల్లలూ, నిజంగానే ఉండేది! నేరేడు కొమ్మకి వెదురుబుట్ట కట్టి ఆడేవారు.

ఆ జట్టులో మొనగాడు చంగు అనే దుప్పి. వాడు ఎగిరాడంటే బంతి బుట్టలో పడ్డట్టే. ఏటా కప్పు ఆ బడికే. ఆట నేర్పే ముంగిస మాస్టారు ఆ కప్పుల్ని రోజూ తోకతో తుడుచుకుంటూ మురిసిపోయేవాడు.

ఆ ఏడు చంగుకి బడి ఈడు దాటింది. కొమ్ములు కూడా రాలిపోయాయి. దుప్పులకి అంతే, పాతవి రాలి ఇంకా పెద్దవి మొలుస్తాయి.

సరిగ్గా అప్పుడే కొండవాగు జట్టు కోసం ఆటగాణ్ణి ఎంచుకోవడానికి ఏనుగు తాత వస్తున్నాడని కబురొచ్చింది. ఆ జట్టులో ఆటే ఉద్యోగం. చేరినవాడి ఇంటికి ఎండాకాలమంతా పచ్చగడ్డి పంపిస్తారు. చంగు వాళ్లమ్మేమో ఎండాకాలం వస్తే ఎండుటాకులు నమిలి బతికేది. అందుకే చంగుకి ఆ చోటు ఎలాగైనా కావాలి.

మాస్టారి గుండెల్లో రాయి పడింది. చంగు వెళ్లిపోతే కప్పు ఎవరు తెస్తారు?

"ఒరేయ్ చంగూ, నీ ఈడు ఒక ఏడు తగ్గించి చెప్పు. కొమ్ములు లేవుగా, ఎవరికి తెలుస్తుంది? ఇంత చిన్నవాడు ఇంత బాగా ఆడుతున్నాడా అని తాత మురిసిపోతాడు" అన్నాడు.

బడి ఈడు పిల్లల్ని ఆ జట్టు తీసుకోదని, అప్పుడు చంగు ఇంకో ఏడు బడికే ఆడతాడని మాస్టారికి తెలుసు. ఆ ముక్క మాత్రం మింగేశాడు.

చంగు వెళ్లి అమ్మని అడిగాడు.

"కొమ్ములు రాలితే ఈడు కూడా రాలిపోతుందా నాన్నా?" అంది అమ్మ. "నువ్వు భయపడుతూ తెచ్చిన గడ్డి నా గొంతు దిగదు."

ఏనుగు తాత వచ్చాడు. చంగు బంతి విసిరాడు. మొదటిది పడింది. రెండోదీ పడింది. మూడోది బుట్ట అంచు మీద గిరగిరా తిరిగి, అందరి ప్రాణాలూ తోడేసి, అప్పుడు పడింది.

"శభాష్! నీ ఈడెంత అబ్బాయ్?" అన్నాడు తాత.

వెనక మాస్టారు దగ్గాడు. చంగు అటు చూడకుండా తలెత్తాడు.

"బడి ఈడు దాటిందండీ. ఈమధ్యే కొమ్ములు రాలాయి."

తాత తొండంతో బుస్సున ఊపిరి వదిలాడు. "బతికించావురా! బోడితల చూసి పసివాడివేమో అనుకున్నాను. మేం పిల్లల్ని చేర్చుకోం. ఇంత మంచి ఆటగాణ్ణి వదులుకోవాలేమోనని బెంగపడ్డాను. పద, నువ్వు మావాడివే!"

"హమ్మయ్య!" అని చంగు అక్కడే కూలబడ్డాడు. మాస్టారి వైపు తిరిగి, "ఈ సంగతి మీకు తెలీదా మాస్టారూ?" అన్నాడు. మాస్టారు తోక ముడిచి, తలొంచుకుని, కుందేలు పిల్లలకి ఆట నేర్పడానికి వెళ్లిపోయాడు.

ఎండాకాలం వచ్చింది. కొండవాగు మైదానం కిక్కిరిసిపోయింది. చంగు తలమీద కొత్త కొమ్ములు, పాతవాటికంటే పెద్దవి. ముందు వరసలో అమ్మ పచ్చగడ్డి నములుతోంది.

"అబద్ధం చెప్పి ఉంటే ఈ గడ్డి దక్కేది కాదు, పైగా బడిలో ఈ కొమ్ములే నిన్ను పట్టించేవిరా!" అంది.

చంగు హాయిగా నవ్వి, బంతి కోసం చంగున ఎగిరాడు.

నీతి: ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడికి రేపటి గురించి భయం ఉండదు.