వెనకబడ్డ తాడు

గురువారం సాయంత్రం ముగ్గురు ఆటగాళ్లు జెర్సీలు విప్పి, మడతపెట్టి, క్లబ్బు గదిలో బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి వెళ్లినా బాగుండేదనిపించింది దామోదరానికి.

ముగ్గురూ ఎడమవైపు ఆడేవాళ్లే. వాళ్లలో పెద్దవాడు కొర్లయ్య. పద్నాలుగేళ్లుగా లంగరు ఫుట్‌బాల్ క్లబ్బుకి లెఫ్ట్ బ్యాక్.

ఆదివారం లీగులో ఆఖరి ఆట. ముప్ఫై ఏళ్లు ఆ క్లబ్బుని నడిపించిన సూరాడ ఎల్లాజీ మాస్టారు ఆ ఆటతో తప్పుకుంటున్నాడు. మూడేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న దామోదరానికి జట్టుని అప్పగించాలా, వేరెవరినైనా చూడాలా అన్నది ఆదివారం తేలుస్తామని కమిటీ చెప్పింది. ఆ మాట చెప్పిన వారంలోనే బల్ల మీద మూడు జెర్సీలు.

దామోదరం పార్వతీపురం వైపువాడు. పైరాష్ట్రంలో ఏడాది ఉండి కోచింగు డిప్లొమా తెచ్చుకున్నాడు. మైదానానికి అందరికన్నా ముందొస్తాడు, అందరికన్నా ఆఖర్న వెళతాడు. బీడీ ముట్టడు, పేకాట తెలీదు. కష్టంలో వంక పెట్టడానికి లేదు. ఉన్న వంకల్లా ఒకటే. తాను ఎంత జోరుగా పరిగెత్తగలడో లోకమంతా అంత జోరుగా పరిగెత్తాలంటాడు.

జట్టులో కుడివైపు ముగ్గురు కుర్రాళ్లు దొరికారు, పందెం గుర్రాల్లాంటివాళ్లు. దామోదరం వాళ్లనే నమ్ముకున్నాడు. బంతి దొరికితే వాళ్లకే, మెచ్చుకోలు వాళ్లకే. వాళ్లు ఒకటి కొడితే, ఎడమవైపు నుంచి అవతలివాళ్లు రెండు కొట్టేవారు. కిందటి ఆదివారం అలా నాలుగు గోల్స్ కొట్టి అయిదు తిన్నారు. ఆ కోపంలో అందరి ముందూ కొర్లయ్యని పట్టుకుని అనేశాడు.

"నీ వయసుకి గేటు దగ్గర నిలబడి టిక్కెట్లు చింపుకోవాలి. ఆట కాదు."

కొర్లయ్య తల దించుకుని బూటు తాళ్లు విప్పుకున్నాడు. నాలుగు రోజులకి జెర్సీ బల్ల మీదికొచ్చింది.

దామోదరం మైదానంలోకి వెళ్లేసరికి ఎల్లాజీ మాస్టారు వంగి గీత వెంబడి సున్నం పోస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. నల్లటి బక్కపలచని ఒళ్లు, మెడలో ఎప్పుడూ ఒక ఎర్ర తువ్వాలు. ఆయన పద్ధతులు దామోదరానికి మూడేళ్లయినా అంతుపట్టలేదు. ఆట రోజున షామియానా కింద కోచ్ కోసమని ఒక కుర్చీ వేస్తారు. ఆయన అందులో కూర్చోగా ఎవరూ చూడలేదు. ఎండలో అవతలి గీత దగ్గరికి పోయి గొంతుక్కూర్చునేవాడు. సగం ఆట అయ్యాక జట్లు అటూ ఇటూ మారితే ఆయనా గీత మారేవాడు. పెద్దవాళ్ల పక్కన కూర్చోవడం ఇష్టంలేక అలా చేస్తాడనుకున్నాడు దామోదరం. తన వరకు తాను ఆ కుర్చీ ముందు నిలబడే అరిచేవాడు.

"మాస్టారూ, ఈ మూడేళ్లలో మీరు గొంతెత్తగా నేను వినలేదు. అయినా మీరు చూస్తే చాలు, వింటారు. నేను గొంతు చించుకున్నా వినడం లేదు. ఇవాళ ముగ్గురు వెళ్లిపోయారు. నాలో తక్కువేమిటో చెప్పండి. దిద్దుకుంటాను."

మాస్టారు సున్నం ఆపలేదు. గీత మూల జెండా దాకా వెళ్లాక నడుం పట్టుకుని లేచాడు.

"తక్కువేటీ లేదు. రేపు తెల్లారి మా పాలెం రా. బూట్లొద్దు."

గుల్లలపాలెం అక్కడికి రెండు మైళ్లు. మర్నాడు దామోదరం చేరేసరికి సముద్రం మీద వెలుగు ఇంకా పలచగా ఉంది. పెద్ద వల వేసి పడవ అప్పుడే ఒడ్డుకొచ్చింది. ఆ వల సముద్రంలో అర్ధచంద్రాకారంగా పరుచుకుని ఉంటుంది. దాని రెండు కొసల తాళ్లు ఒడ్డుకు తెస్తారు. ఒక తాడు ఇక్కడ, ఇంకొకటి రెండు వందల గజాల అవతల. ఒక్కో తాడుకి పాతికమంది. లాగుతూ లాగుతూ రెండు గుంపులూ దగ్గరికొస్తారు. మధ్యలో సంచి, సంచిలో చేపలు.

దక్షిణం తాడు దగ్గర వయసులో ఉన్నవాళ్లు నిలబడ్డారు. మాస్టారు దామోదరాన్ని వాళ్ల ముందు నిలబెట్టాడు.

"లాగు," అన్నాడు. ఇంకేమీ చెప్పకుండా ఉత్తరం తాడువైపు నడిచి వెళ్లిపోయాడు. అక్కడెవరున్నారో అంత దూరానికి దామోదరానికి ఆనలేదు.

లాగడమంటే దామోదరానికి చెప్పాలా? లుంగీ ఎగగట్టి పట్టు పట్టాడు. వెనకున్న కుర్రాళ్లని కేకలేసి హుషారు చేశాడు. "ఇంకా! ఇంకా! అదీ!" కుర్రాళ్లకీ పంతం వచ్చింది. తాడు గబగబా ఒడ్డుకొచ్చి ఇసకలో చుట్టలు పడుతోంది. అటు చూస్తే ఉత్తరంవాళ్లు ఇంకా మొదట్లోనే ఉన్నారు. ఎవరో ఎర్ర తువ్వాలు పైకెత్తి ఊపుతున్నారు. మాస్టారు భేష్ అంటున్నాడనుకున్నాడు దామోదరం. రెట్టించి లాగాడు.

వెనకున్నవాడు "సార్, తువ్వాలండీ..." అన్నాడు. అలల హోరులో అది దామోదరం చెవికెక్కలేదు.

వల ఒక పక్కకి ఒరిగింది. ఉత్తరం వైపు నీళ్లలో ఉన్నట్టుండి తెల్లటి మెరుపొకటి లేచి, పాయలై, సముద్రం లోపలికి పోయింది. చూస్తూ చూస్తూ ఉండగా అంతా అయిపోయింది. సంచి ఒడ్డుకి తీస్తే ఒక గంపకి చాలని చేపలు, గుప్పెడు పీతలు, ఇంత నాచు.

చేపలు అమ్ముకోవడానికి గంపలతో వచ్చి కూర్చున్న ఆడవాళ్లలోంచి ఒక ముసలావిడ లేచింది. పోలమ్మ. ఎల్లాజీ మాస్టారికి అక్క. చేతిలో ఖాళీ గంప పట్టుకుని ఇసకలో అడుగులేసుకుంటూ వచ్చింది.

"ఏటిరా ఎల్లాజీ! నీ శిష్యుడి సదువుకి మా సేపలు కావలసొచ్చాయా?"

"నా సదువుకీ ఇలాగే పోనాయి గదే అప్పా," అన్నాడు మాస్టారు. "రెండో వల ఉంది. గంప దించు."

"దించక నెత్తినెట్టుకుని ఊరేగుతానేటి, ఈ పీతలకి?"

కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. మాస్టారు కూడా నవ్వి, వల సర్దడానికి పడవ దగ్గరికి వెళ్లాడు. దామోదరం ఇసకలో కూలబడ్డాడు. అరచేతులు చూసుకుంటే రెండూ బొబ్బలు. అంతకన్నా లోపల మండుతోంది. పోలమ్మ అతని పక్కనే చతికిలబడింది.

"తల దించుకోకు బాబూ. పదారేళ్లప్పుడు మా ఎల్లాజీ ఇంతే. ఒంట్లో బలం ఉందని ఒకటే లాగుడు. వల తిరగబడి సేపలన్నీ సంద్రంలోకెల్లిపోనాయి. నలబై ఇళ్లు ఆ పూట గంజి తాగినాయి. మా అయ్య అప్పుడు వల పెద్ద. ఆ వేళ ఈడి ఒంటిమీద తోలుంచడనుకున్నాం."

"కొట్టారా?"

"కొట్టలేదు. తిట్టనూ లేదు. మర్నాడు ఈడి రెక్కట్టుకుని ముసిలోళ్ల తాడుకాడికి తీసుకెల్లి, తన ముందర నిలబెట్టుకున్నాడు. ఏడాది! ఏడాదిపాటు వయసోళ్ల తాడు ముట్టుకోనిచ్చాడు కాదు. ఇదిగో, ఇప్పటికీ ఈడికా అలవాటు పోలేదు."

"మీ నాన్నగారు ఏ తాడు దగ్గరుండేవారు?"

పోలమ్మ అతని మొహంలోకి వింతగా చూసింది. పొద్దు ఏ వైపు పొడుస్తుందని అడిగినట్టుంది ఆవిడకి.

"వల పెద్ద ఏ తాడుకాడుంటాడు బాబూ? ఏది ఎనకబడితే దానికాడ."

రెండో వల వేసి పడవ తిరిగొచ్చేసరికి ఎండ నెత్తికెక్కుతోంది. ఈసారి మాస్టారు ఎక్కడికి పొమ్మనీ చెప్పలేదు. తాళ్లు ఒడ్డుకి రాగానే దామోదరం లేచాడు. కుర్రాళ్లు "ఇటు సార్, ఇటు!" అని పిలుస్తున్నా రెండు వందల గజాలు నడిచి ఉత్తరం తాడు దగ్గరికి వెళ్లాడు.

అక్కడ ముసలివాళ్లు, నడుం పడిపోయినవాళ్లు, మొగుళ్లు పోయిన ఆడవాళ్లు. వాళ్ల మధ్య ఒకే ఒక్క గట్టి మనిషి. మొదటి వలలోనూ అతను అక్కడే ఉండి ఉండాలి. చొక్కా లేని ఆ వీపుని దామోదరం వెంటనే పోల్చుకున్నాడు. పద్నాలుగేళ్లు ఆ వీపు మీద మూడో నంబరు ఉండేది.

వెళ్లి అతని వెనక తాడు పట్టుకున్నాడు.

"ఎవురది?"

"నేనే కొర్లయ్యా."

కొర్లయ్య తిరిగి చూడలేదు. తాడు ఇంకో నాలుగు బారలు లాగాడు.

"మడమ దించండి సార్," అన్నాడు ఆ తరవాత. "సేత్తో లాగితే అరగంటకి సేతులు పోతాయి. ఒళ్లు ఎనక్కెయ్యండి."

దామోదరం మడమ దించాడు. ఒళ్లు వెనక్కి వేశాడు.

కొర్లయ్య ముందర ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన ఊపిరి పీల్చినప్పుడు కొర్లయ్య ఆగుతున్నాడు. ఆయన లాగినప్పుడు లాగుతున్నాడు. ఒకసారి ఆయన కాలు జారింది. తాడు కాస్తయినా కదల్లేదు. ఆ బరువంతా కొర్లయ్య భుజం లోపలికి తీసుకుంది. ముసలాయనకి ఆ సంగతే తెలీదు. లేచి మళ్లీ పట్టుకున్నాడు. వెనకున్న దామోదరానికి మాత్రం తెలిసింది.

అవతల కుర్రాళ్ల తాడు ముందుకు పోతోంది. కొర్లయ్య ఒంటిచేత్తో తలగుడ్డ లాగి పైకెత్తాడు. దూరాన కుర్రాళ్లు ఆగారు. ఎవరూ అరవలేదు. అరిచినా ఆ హోరులో వినపడదు.

వల నిటారుగా వచ్చింది. సంచిని ఒడ్డెక్కించడానికి రెండు వైపులవాళ్లూ కలిసి పట్టవలసొచ్చింది. పోలమ్మ గంప నింపుకుని, దామోదరం పక్కనుంచి వెళుతూ, "ఈడికీ ఏడాది పడతాదనుకున్నాను," అంది అందరికీ వినపడేలా.

చేతులు కడుక్కుంటున్న కొర్లయ్య దగ్గరికి దామోదరం వెళ్లాడు.

"ఆదివారం రా, కొర్లయ్యా."

"ఎక్కడికి? గేటు కాడికా?"

దామోదరం ఆ దెబ్బ నిలబడి తిన్నాడు.

"ఆ మాట అనడం నాదే తప్పు. ఆ ఇద్దరికీ కూడా చెబుతాను. నీ చోట నువ్వాడు."

కొర్లయ్య చేతులు దులుపుకుని మొదటిసారి అతని కళ్లలోకి చూశాడు.

"నా సోటు నాకు తెలుసు సార్. మీరెక్కడుంటారు?"



ఆదివారం మైదానం నిండిపోయింది. హార్బరు లారీల మీద, గోడల మీద, ఎక్కడ చూసినా జనం. షామియానా కింద కమిటీవాళ్లు కూర్చున్నారు. కోచ్ కుర్చీకి ఈసారి కొత్త తెల్లగుడ్డ కప్పారు. విజిలు మోగేముందు దామోదరం దాని దాకా వచ్చాడు. దాని వీపు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగాడు. తరవాత గోలు కంబం వెనక నుంచి చుట్టూ నడిచి, అవతలి గీత దగ్గరికి పోయి, ఎండలో గొంతుక్కూర్చున్నాడు. అతనికి ఆరడుగుల దూరంలో కొర్లయ్య ఉన్నాడు, ఇంకాస్త ముందు తిరిగొచ్చిన ఆ ఇద్దరూ. కొర్లయ్య ఒకసారి చూసి ముందుకు తిరిగాడు.

కుడివైపు కుర్రాళ్లు మొదట్లోనే పగ్గం తెంచుకున్నట్టు దూసుకుపోయారు. దామోదరం నోరు తెరవబోయి, మూసి, ఆ వేళ మెడలో వేసుకొచ్చిన తువ్వాలు తీసి పైకెత్తాడు. మొదటిసారి ఎవరూ చూడలేదు. రెండోసారి ఒకడు చూశాడు. నాలుగోసారికి ముగ్గురూ చూసి జోరు తగ్గించారు.

సగం ఆట అయ్యాక జట్లు అటూ ఇటూ మారాయి. దామోదరమూ గీత మారాడు.

ఒకటి సున్నాతో గెలిచారు. గోలు కొట్టింది కుడివైపు కుర్రాడే. అతని కాలికి చేరిన బంతి మాత్రం కొర్లయ్య దగ్గర మొదలయింది.

మొదటి సగంలో అవతలి గీత నుంచి దామోదరం ఒక సంగతి చూశాడు. కార్యదర్శి పట్నాయకు గారు కోచ్ కుర్చీ వైపు చూపిస్తూ ఎల్లాజీ మాస్టారితో ఏదో అన్నారు. మాస్టారు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండలోకి ఒకసారి చూశాడు. తరవాత వెళ్లి, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి, ఆ కుర్చీలో కూర్చుని తాపీగా కాళ్లు చాపుకున్నాడు.

అప్పుడేమన్నారో ఆట అయ్యాక పట్నాయకు గారే దామోదరానికి చెప్పారు.

"నేను కంగారుపడి అడిగానయ్యా, కుర్చీ ఖాళీగా ఉంది, మీవాడు రాలేదేమని. 'వచ్చాడు. వచ్చాడు కాబట్టే నేను కూర్చుంటున్నాను' అన్నాడు."