నూకాలు గరగర బండి

అనగనగా ఒక ఊళ్ళో, లక్కబొమ్మలు చేసేవాళ్ళ వీధిలో, నూకాలు అని ఒకావిడ ఉండేది. నువ్వు ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే కథ అలిగి గుమ్మంలోనే కూర్చుంటుంది.

ఆ రోజుల్లో కర్రని తిప్పి బొమ్మ చెయ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తాడు పట్టుకుని ఇటూ అటూ లాగితే కర్ర గిరగిరా తిరిగేది. రెండోవాళ్ళు ఉలి ఆనించి చెక్కేవాళ్ళు. నూకాలు తాడు లాగేది, వాళ్ళాయన చిన్నబ్బి ఉలి పట్టేవాడు. పొద్దస్తమానం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు, దెబ్బలాడుకునేవాళ్ళు. దెబ్బలాటే ఎక్కువలే.

అప్పుడు ఊళ్ళోకి కరెంటుతో తిరిగే లేత్ మిషన్లొచ్చాయి. చిన్నబ్బి ఒకటి తెచ్చి బిగించి, "ఇంక నీ సేతులు కాయలు కాయవే" అన్నాడు. తాడు మిషను అటకెక్కింది.

ఆ తర్వాత చిన్నబ్బి జ్వరమొచ్చి చచ్చిపోయాడు. పిల్లా జెల్లా లేరు. నూకాలు తనే ఉలి పట్టింది, కుంకుమ భరిణెలు చేసింది. మిషను ఉంది కాబట్టి రెండో మనిషి అక్కర్లేకపోయింది. మిషను అలిసిపోదు, నిజమే. కానీ "అన్నం తిన్నావా" అని కూడా అడగదు కదా, తల్లీ.

ఒకరోజు ఆ మిషను గరగరమంది. మర్నాడు గీమంది. ఆ తర్వాత వీధి వీధంతా వినపడేలా అరవడం మొదలెట్టింది. ఎందుకంటావా? బేరింగులు అరిగిపోయాయి. బేరింగంటే రెండు ఇనప కంకణాలనుకో, ఒకదాన్లో ఒకటి. మధ్యలో ఉక్కు గోళీలుంటాయి. కర్రని తిప్పే ఇరుసు లోపలి కంకణంలో దూరి ఉంటుంది, అది తిరిగితే గోళీలు దొర్లుతాయి. అవి అరిగితే ఇరుసు ఊగుతుంది, చేసిన భరిణెకి మూత కుదరదు.

అప్పుడు టైలరు గురునాథం మెడలో టేపుతోనే వచ్చాడు. "నీ మిషను గోలకి కొలతలు మర్సిపోతన్నాను, నూకాలమ్మా! సొక్కా కుట్టమంటే సంచీ కుట్టీసేలాగున్నాను!" అని కేకలేశాడు. నూకాలు పీట వేసి మంచినీళ్ళిచ్చింది. తిట్టిన నోటితోనే తాగాడు, కాసేపు కూర్చున్నాడు, వెళ్ళాడు.

నూకాలుకి బేరింగు సంగతి తెలుసు. తెలిసి కూడా, ఎద్దుబండి ఇరుసుకి పోసినట్టు చెంబెడు ఆముదం పోసి ఊరుకుంది. చెక్కపొట్టు ఆముదంలో కలిసి ముద్దయి గోళీలకి పట్టుకుంది. గోల రెండింతలైంది. అప్పుడు ఇడ్లీకొట్టు పైడమ్మ వచ్చింది. "ఎవరికి ఎన్ని ఇడ్లీలో ఇనపడి సావట్లేదు!" అంది. ఆవిడకీ పీట, ఆవిడకీ నీళ్ళు.

అసలు సంగతి చెప్పనా? చిన్నబ్బి పోయాక ఆ గడప తొక్కినవాళ్ళు లేరు. ఇప్పుడు తిట్టడానికైనా వస్తున్నారు. మిషను బాగుపడితే వాళ్ళూ రారు. అదీ నూకాలు భయం. పైగా ఆ బేరింగులు చిన్నబ్బి చేత్తో ఎక్కించినవి.

మూడో మనిషిగా పక్కింటి కన్నమ్మ వచ్చింది, చంకలో ఏడాది పిల్ల వరాలుతో. కన్నమ్మ తిట్టలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పిల్లకి పగలు కునుకు లేదొదినా. ఉలికులికి పడి ఏడుస్తంది" అంది. వరాలు మొహం వాడిపోయి ఉంది. నూకాలు పీట వెయ్యడం మర్చిపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

ఆ తర్వాత పట్నం వెళ్ళి కొత్త బేరింగులు తెచ్చింది. కొట్టతను మరీ మరీ చెప్పాడు. "ఇనప సుత్తితో నేరుగా కొట్టీకమ్మా, గోళీలు దెబ్బతింటాయి. ఇరుసుకి తొడిగే కర్ర గొట్టం ఒకటి సేసుకో. దాని మీద కొడితే లోపలి కంకణానికే దెబ్బ తగుల్తాది" అన్నాడు.

నూకాలు మిషను విప్పింది, పాత బేరింగులు ఊడదీసింది. గొట్టమంటే ఏముంది, అడుగు లేని భరిణె! అనుకుని చింతకర్ర ముక్క తీసింది. తీశాక గుర్తొచ్చింది. కర్ర తిప్పడానికి మిషనేదీ? అది ముక్కలై నేల మీదుంది. ఇక మిగిలింది అటక మీది తాడు మిషను. దానికి ఇద్దరు కావాలి.

నూకాలు కన్నమ్మ గుమ్మం దాకా వెళ్ళింది, నోరు రాక తిరిగొచ్చింది. ఇంకోసారి వెళ్ళింది, వాకిట్లో కోడిని అదిలించి వచ్చేసింది. నవ్వకు. ఒంటరిగా ఉండి ఉండి మనిషి సాటి మనిషిని పిలవడం మర్చిపోతుంది. మూడోసారి వెళ్ళి, "కన్నమ్మా, కాస్త తాడు లాగుతావా?" అంది.

"ఓస్, దీనికా ఇంత నసుగుడు?" అని కన్నమ్మ వచ్చి, వరాలుని చెక్కపొట్టులో కూర్చోబెట్టి తాడు పట్టుకుంది. నూకాలు మొదటిసారి చిన్నబ్బి కూర్చునే వైపు కూర్చుంది. తాను అప్పట్లో కూర్చున్న చోటు అక్కణ్ణుంచి ఎంత బాగా కనపడుతుందో అప్పుడు తెలిసింది. ఆయన రోజూ ఇదే చూసేవాడు కాబోలు అనుకుంది. కళ్ళు తుడుచుకుని ఉలి ఆనించింది.

గొట్టం కుదిరింది. బేరింగులు ఎక్కాయి. మీట నొక్కితే మిషను తిరుగుతోందో లేదో తెలియనంత నిశ్శబ్దం. వరాలు ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

ఆ తర్వాత ఎవ్వరూ రాలేదు.

గురునాథం రాలేదు. పైడమ్మ రాలేదు. కన్నమ్మకి ఇంటి పనే సరిపోయింది. పీట గోడకి ఆనుకునే ఉంది. కొత్త బేరింగుల మిషను చప్పుడు లేకుండా తిరుగుతుంటే, నూకాలుకి తన ఊపిరి తనకే వినపడేది. దిగులేసింది. చాలా దిగులేసింది.

పాత బేరింగులు పారెయ్యడానికి చెయ్యి రాలేదు. అప్పుడు వాటిని కిరసనాయిల్లో కడిగింది. వాటిని వెనక చక్రాలు చేసి, ముందుకో కర్ర చక్రం పెట్టి, పిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే మూడు చక్రాల బండి తయారుచేసింది. పసుపు లక్క, ఎర్ర లక్క పట్టించి, మొగలి ఆకుతో రుద్ది నిగనిగలాడించింది. వరాలు నిద్రపోతుంటే కన్నమ్మ గుమ్మంలో పెట్టి, ఎవర్నీ లేపకుండా వచ్చేసింది.

సాయంత్రం పని ఆపి, అరుగు మీద ఒక్కతే కూర్చుంది. అప్పుడు వినపడింది. గర... గరగర... గరగరగర!

"నూకాలమ్మా! మళ్ళీ మొదలెట్టీసావా?" అని గురునాథం టేపుతో సహా వీధిలోకొచ్చాడు. పైడమ్మ గరిటెతో వచ్చింది. తీరా చూస్తే నూకాలు మిషను ఆగే ఉంది. సిమెంటు రోడ్డు మీద వరాలు, బండి పట్టుకుని తప్పటడుగులేస్తూ, వీధంతా అదిరిపోయేలా వస్తోంది. వెనకాల కన్నమ్మ పరుగు.

బండి వచ్చి వచ్చి నూకాలు గడపకి ఠక్కున తగిలింది. వరాలు బండి వదిలేసి, రెండు చేతులూ చాచి, నూకాలు ఒళ్ళో పడింది.

చిన్నబ్బి మాత్రం రాలేదు. పోయినవాళ్ళు రారు కదా, బంగారూ. కానీ ఆయన ఎక్కించిన బేరింగులు రోజూ సాయంత్రం మనుషుల్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చేవి. నూకాలు పీట మళ్ళీ గోడకి ఆనించలేదు.

గరగర బండి గడపకి వచ్చె,
గోడవార పీట వాకిటికి వచ్చె,
కథేమో నడిచి కంచికి పోయె,
నిదరేమో మనింటికి వచ్చె.