తలెత్తుగుట్ట ఊకబిళ్ళ

చినగరుగుపాలెం పొలిమేరలో, ఏటి ఒడ్డున ఉన్న తలెత్తుగుట్ట మీద తలెత్తమ్మ తల్లి కొలువై ఉన్నది. పేరు విని ఆకాశాన్నంటే కొండను ఊహించుకుని వచ్చే యాత్రికులు గుట్టను చూసి కొంచెం చిన్నబుచ్చుకోవడం కద్దు. నిజానికిది రెండు తాటిచెట్ల ఎత్తయినా ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు సైతం ఆయాసం లేకుండా ఎక్కిరావచ్చు. ఈ పేరుకూ గుట్ట ఎత్తుకూ సంబంధం లేదు.

అమ్మవారి మెడలో బంగారు హారాలున్నా, అన్నిటికన్నా పైన కనిపించేది ఒక మట్టి బిళ్ళ. నల్లగా కాలి, ఒళ్ళంతా చిన్న చిన్న గుంటలతో, పాతచీర పేలికతో పేనిన తాడుకు వేలాడుతూ ఉంటుంది. జాతరకు వచ్చే భక్తులు అలాంటి బిళ్ళలను ఇంట్లోనే చేసుకుని తెస్తారు.

పూర్వం ఇక్కడ గుట్టంతా తుమ్మపొదలు. మేకలు కాసుకునేవాడొకడు పొదలో చిక్కిన మేకను విడిపించబోయి ఈ శిలను చూశాడట. ఊరివారు గుడి కట్టి పూజలు మొదలుపెట్టారు. అమ్మవారి ముఖానికి పసుపు మెత్తే ఆనవాయితీ ఎవరు పెట్టారో గాని, పాత పసుపు కడగకుండా దాని మీదనే కొత్త పసుపు మెత్తుతూ వచ్చారు. తరాలు గడిచేసరికి ఆ ముఖం నున్నటి పసుపు ముద్దయింది. అసలు ముఖం ఎలా ఉంటుందో పూజారికి కూడా తెలియకుండా పోయింది.

ఆ రోజుల్లో పాలెంలో దాలమ్మ అనే ఇల్లాలు ఉండేది. మట్టి పొయ్యిలు వేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఒక ఏడు ఆమె ఒక్కగానొక్క కూతురు సూరమ్మకు అమ్మవారు పోసింది. మశూచి సోకితే మన పెద్దలు అలాగే అనేవారు. పిల్ల కన్ను తెరవని స్థితిలో ఉండగా దాలమ్మ గుట్ట వైపు చేతులు జోడించి, "నా పిల్లని నాకొగ్గీ తల్లీ, నీ మెళ్ళో బిళ్ళ ఏస్తాను" అని మొక్కుకుంది.

పిల్ల బతికింది. కాని ముఖమంతా గుంటలు పడ్డాయి. సూరమ్మ గుమ్మం దాటవలసి వస్తే పాతచీర ముక్కను నెత్తి మీదినుంచి గడ్డం దాకా కప్పుకుని, నేలచూపులు చూస్తూ నడిచేది. తోటిపిల్లలు ఏటికి పిలిచినా వెళ్ళేది కాదు. చావు తప్పిన పిల్ల నలుగురిలో బతకలేకపోతుంటే ఆ తల్లికి కడుపు తరుక్కుపోయేది.

పైగా మొక్కు మిగిలిపోయింది. బిళ్ళంటే బంగారమే కదా అని దాలమ్మ బెంగపెట్టుకుంది. జాతర దగ్గరపడుతుండగా అమ్మవారు ముసలమ్మ రూపంలో కలలోకి వచ్చి, "బంగారం నానడిగానేటే? నీ సేత్తో సేసింది తే" అని చెప్పి మాయమైంది.

దాలమ్మ చేతికి తెలిసింది మట్టి ఒక్కటే. ఏటి ఒండు తెచ్చి నానబెట్టి, రాళ్ళు ఏరి, మెత్తగా పిసికింది. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా, పొయ్యి మట్టిలో కలిపినట్టే గుప్పెడు ఊక కూడా కలిపేసింది. నిమ్మకాయంత ముద్దలు రెండు తీసి అరచేతిలో అదిమింది. అంచు చుట్టూ చింతగింజతో ఒత్తులు పెట్టింది, చీపురుపుల్లతో పైన బెజ్జం చేసింది. ఒకటి అమ్మవారికి, ఇంకొకటి పిల్లకు అనుకుంటూ నీడన ఆరబెట్టి, జాతర ముందునాడు పిడకల మంటలో కాల్చింది.

ఆమె బూడిద దులిపి చూసింది. ఊక కాలిపోయి, అది ఉన్నచోటల్లా గుంట పడింది. పొయ్యికైతే ఎవరు పట్టించుకుంటారు? వెనకనుంచి తొంగిచూసిన సూరమ్మ, "నా ముకంలాగే ఉందమ్మా" అని లోపలికి వెళ్ళిపోయింది. దాలమ్మ బిళ్ళలను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మళ్ళీ చేద్దామంటే ఆరే వ్యవధి లేదు.

మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని గుట్టెక్కి, కొంగుముడి విప్పి, రెండు బిళ్ళల్లో ఒకదాన్ని పూజారి అప్పలదాసు చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటే దాలమ్మా, అమ్మోరికే అమ్మోరు పోసిన బిళ్ళ తెచ్చావా? తల్లికి కోపం రాకముందే తీసుకుపో."

జనం గుసగుసలాడారు. ముసుగులో సూరమ్మ ఇంకా ముడుచుకుపోయింది.

"తల్లే అడిగింది బాబూ. నాకొచ్చింది ఇదే" అంది దాలమ్మ.

ఆమె ఆ మాట అంటుండగానే అమ్మవారి ముఖం మీద పసుపు నిలువునా బీటలు వారింది. తరతరాల పసుపు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పూజారి పాదాల దగ్గర పడింది. లోపలి రాతి ముఖం బయటపడింది. నుదుటి మీద, బుగ్గల మీద, గడ్డం మీద అన్నీ గుంటలే. సరిగ్గా ఆ బిళ్ళ మీద ఉన్నట్టే ఉన్నాయి.

అప్పలదాసు "మా తాతలు దాసిన ముకం ఇదన్నమాట" అని చెంపలు వేసుకుని, "తాడివ్వే దాలమ్మా, నానే కడతాను" అన్నాడు. హడావుడిలో దాలమ్మ తాడు తేవడం మరిచిపోయింది.

దాలమ్మ వంగి కూతురి గడ్డం పట్టుకుంది. "తలెత్తు తల్లీ. అమ్మోరి ముకం సూడు."

సూరమ్మ తలెత్తి చూసింది. చూసి చూసి, ముసుగు తీసేసింది. ఆ చీర ముక్కను రెండు పేలికలుగా చింపి, తాళ్ళు పేని, ఒకటి పూజారికిచ్చి రెండోదానితో తన బిళ్ళను తన మెడలో కట్టుకుంది. నలుగురి ముందూ నవ్వుకుంటూ గుట్ట దిగింది. ఆనాటినుంచి ఇది తలెత్తుగుట్ట అయింది.

ఇప్పటికీ అమ్మవారి ముఖానికి పసుపు మెత్తరు, పాదాలకే పూస్తారు. భక్తులు ఊక కలిపిన మట్టితో రెండు బిళ్ళలు చేసి, ఒకటి తల్లికి సమర్పించి రెండోది తాము ధరిస్తారు. అపార్టుమెంట్లలో ఉండేవారు ఆరబెట్టి తెస్తే గుట్ట కింద కాల్చి ఇస్తారు. కొనుక్కొచ్చిన బిళ్ళలూ, గుంటలకు లప్పం పెట్టి రంగులేసిన బిళ్ళలూ తల్లికి వేయరు. అందం కోసం అలా చేసి తెచ్చి, పూజారిగారితో వాదన పెట్టుకోవద్దని మనవి. కాలిన మచ్చలున్నవారు, బొల్లి ఉన్నవారు, మొటిమలకు బెంగపడే కాలేజీ పిల్లలు కూడా ఇక్కడ బిళ్ళ కట్టుకుని తేలికపడిన మనసుతో వెళ్తున్నారు.

బిళ్ళ కట్టేటప్పుడు ఇంటి పెద్ద గడ్డం పట్టుకుని "తలెత్తు తల్లీ" అనాలి, మగపిల్లవాడైతే "తలెత్తు నాయనా" అనాలి. తాడు మాత్రం కొత్త నూలుతో పేనకూడదు, ఇంట్లో కప్పుకున్న పాతగుడ్డతోనే పేనాలి. పాతగుడ్డను చింపడమెందుకని పిల్లలు అడిగితే, దానితో ఇక కప్పుకునే పని లేదని చెప్పండి.