అసిరమ్మ అడిగే మూడు మాటలు

అనగనగా అంటాను, ఊఁ కొట్టండి. కొట్టకపోతే నా నోట మాట రాదు, ముందే చెబుతున్నా.

అనగనగా సముద్రం ఒడ్డున ఓ ఉప్పుమళ్ల పేట. ఆ పేటలో అసిరమ్మ అని ఓ ముసలామె. తెల్లారితే తల్లులంతా ఉప్పు లాగడానికి మళ్లలోకి దిగేవాళ్లు. పాలు మానిన పసివాళ్లను ఉప్పు పాక దగ్గర అసిరమ్మకు అప్పగించి పోయేవాళ్లు.

ఊరికే కూర్చోబెడితే పిల్లలు ఊరుకుంటారా? పీకి పందిరేస్తారు! అందుకని ఆడించేది. తడి ఇసకలో నడవమనేది. అడుగుకో గవ్వ పెట్టమనేది. పెట్టాక అడిగేది.

"సరిపోయాయా? చాల్లేదా? మిగిలాయా?"

ముద్దలు పెట్టేటప్పుడూ అంతే. పిల్లకో ముద్ద. "సరిపోయాయా? చాల్లేదా? మిగిలాయా?" పిల్లలు వంగి చూసి, వేలు పెట్టి చూసి, గొంతు చించుకుని చెప్పేవాళ్లు.

"ఒకటీ రెండూ అని ఒంట్లు నేర్పవేం అత్తా?" అని తల్లులు ఆటపట్టించేవాళ్లు.

"ఒంట్లకేం తొందరే? ముందు కళ్లతో చూడనీ," అనేది.

సాయంత్రం ఇంకో ఆట. తల్లులు వరసగా కూర్చునేవాళ్లు. పిల్లలు పరుగెత్తి ఎవరి తల్లి ఒళ్లో వాళ్లు ఎక్కేవాళ్లు. "సరిపోయారా? చాల్లేదా? మిగిలారా?" రోజూ ఒక్క పిల్ల మిగిలేది. అది పోలి. పురిట్లోనే తల్లి పోయింది పాపం. "పోలి మిగిలిందీ!" అని పిల్లలు అరిచేవాళ్లు. అసిరమ్మ దాని వేలు పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయేది.

ఒకనాడు పట్టపగలే సముద్రం పొంగింది. ఉప్పుటేటి కట్ట తెగింది. నీళ్లు మళ్ల మీద పడ్డాయి. తల్లులు పాకకు పరుగెత్తారు. చేతికి దొరికిన పిల్లను దొరికినట్టు ఎత్తుకుని ఇసకదిబ్బ ఎక్కారు. ఎవరి బిడ్డ ఎవరి చంకలో ఉందో తెలీదు. పైకెక్కాక వెతుక్కున్నారు, లాక్కున్నారు, ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు.

"నా బిడ్డ ఉంది." "నా బిడ్డా ఉంది." "నా వాడూ ఉన్నాడు. అమ్మయ్య, అందరూ వచ్చేశారు!"

పోలినీ ఎవరో ఎత్తుకునే ఉంటారనుకుని అసిరమ్మ అందరికన్నా చివర ఎక్కింది. రొప్పుతూనే, అలవాటు కొద్దీ అడిగింది.

"సరిపోయారా? చాల్లేదా? మిగిలారా?"

పిల్లలు ఒళ్లలోంచి మెడలు సాచి చూశారు. "సరిపోయారు అవ్వా! ఎవరూ మిగల్లేదు!"

తల్లులు నవ్వారు. అసిరమ్మ గుండెలు బాదుకుంది.

"మిగలకపోవడం ఏంట్రా! నా పోలి ఏదీ?"

చూశారా? ఎవరికి వాళ్లు తమ బిడ్డను చూసుకున్నారు. తల్లి లేనిదాన్ని చూసుకునేదెవరు?

తల్లులు పిల్లల్ని అక్కడే దింపేశారు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుంలోతు నీళ్లలోకి దిగారు. అసిరమ్మ ఆపితే ఆగలేదు. పాకలో పోలి ఉప్పు రాశి మీద కూర్చుని ఉంది. రాశి కిందనుంచి కరిగిపోతోంది. ముందు నడిచిన సూరీడమ్మ అనే తల్లి దాన్ని అందుకుని గుండెకు హత్తుకుంది.

"నాకోసం ఎవరొచ్చారు?" అంది పోలి.

"అందరం వచ్చామే తల్లీ," అంది సూరీడమ్మ, ఏడుస్తూ.

ఆ సాయంత్రం పోలిని మా ఇంటికంటే మా ఇంటికని తల్లులు పోట్లాడుకున్నారు.

అసిరమ్మ ఎప్పుడో పోయింది. ఆ పేటలో మాత్రం ఇప్పటికీ, పిల్లలకు పంక్తి వేస్తే ముందు ఆ మూడు మాటలూ అడుగుతారు. విస్తళ్లకూ పిల్లలకూ సరిపోయిందనుకోండి, ఎవరూ మిగల్లేదనుకోండి, ఆనాటి పోలి గుర్తొచ్చి వడ్డన ఆగిపోతుంది. ఓ పెద్దామె కొంగు దోపుకుని లేస్తుంది. "అయితే ఎవరో రాలేదు. చూసొస్తానుండండి," అని వీధిలోకి వెళ్తుంది. ఆమె ఒక పిల్లను వెంటబెట్టుకుని వచ్చేదాకా అన్నం గుండిగ మూత తీయరు.