దొరగారు ఊదిన బుడగ

ఏ ఊరో అడక్కండి, ఒక దొరగారుండేవారు. ఆయన కారు స్ప్రింగుల మీద కాదు, గాలితిత్తుల మీద నిలబడేది. ఈమధ్య ఆపిన గంటకే ఎడమవైపు కుంగుతోంది, గాలి నింపే కంప్రెసరేమో ఒకటే రొప్పుతోంది.

"కంప్రెసర్ పాడుచేశావు, రేపట్నుంచి రాకు" అన్నారు దొరగారు డ్రైవర్ సింహాద్రితో.

సింహాద్రి పరుగున వెళ్లి పంక్చర్లు వేసే మస్తానయ్యను తీసుకొచ్చాడు. మస్తానయ్య ఒక బుడగ చేతికిచ్చి, "కారు సంగతి తేలాలంటే ముందు తమరు ఈ బుడగ ఊదాలి దొరా" అన్నాడు.

దొరగారు ఊదీ ఊదీ ఆయాసంతో చతికిలబడ్డారు.

"అయ్యో, తమరి ఊపిరితిత్తులు పాడైనట్టున్నాయే."

"బుడగకి చిల్లుంటే నా ఊపిరితిత్తులేం చేస్తాయిరా?"

"కంప్రెసర్ మొర కూడా అదే దొరా" అంటూ మస్తానయ్య ఎడమ తిత్తికి కుంకుడు రసం పూశాడు. ఒకచోట నురగ బుసబుస పొంగింది.

దొరగారు నవ్వేసి తాళాలు సింహాద్రికిచ్చారు.

"నీ చలవే మామా, మా పొయ్యిలో పిల్లి లేచింది" అని సింహాద్రి చేతులు జోడించాడు.

"నాకెందుకురా దణ్ణం? అంత కష్టపడి ఊదింది దొరగారు."